కొండ మీద సరదా, వాడలో నేరం: తుపాకీ లైసెన్సు చట్టం మనకేం చెబుతోంది?

మోతీనగర్ నుంచి జూబ్లీహిల్స్ పెద్ద దూరమేం కాదు. బోరబండ, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ దాటితే కొండ ఎక్కినట్టే. డ్రైవర్లు, లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులు పొద్దున్నే ఈ బస్తీల నుంచి ఆ కొండెక్కుతారు, రాత్రికి దిగుతారు. ఫిల్మ్‌నగర్ సెట్టులో హీరో చేతిలో ఉండేది డమ్మీ తుపాకీ. కానీ కొండ మీది బంగళాల్లో నిజం తుపాకులు కూడా ఉంటాయి. 2004 జూన్ 3 రాత్రి జూబ్లీహిల్స్‌లో సినీ నటుడు నందమూరి బాలకృష్ణ ఇంట్లో కాల్పులు జరిగాయి. నిర్మాత బెల్లంకొండ సురేశ్‌తో పాటు మరొకరు గాయపడ్డారు. నటుడిని అరెస్టు చేశారు, బెయిల్ వచ్చింది. చివరికి ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ కేసు మంచిచెడ్డలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మేం అడిగే ప్రశ్న వేరు. ఈ దేశంలో తుపాకీని సరదాగా కొని, నూనె రాసి, అల్మారాలో దాచుకోగలిగేది ఎవరు? అదే తుపాకీ పేరుతో జైలుకు వెళ్లేది ఎవరు? చాలామంది కార్యకర్తలకు తెలియని ఇంకో విషయం కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనే తుపాకీ లైసెన్సుల గురించి స్పష్టంగా రాసి ఉంది. దాన్ని మనం ఎందుకు వాడుకోవడం లేదు?

చట్టం పుట్టిందే తేడాతో

మనకు ఇప్పుడున్న ఆయుధాల చట్టం 1959 నాటిది. దానికి ముందు 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో తెచ్చిన చట్టం ఉండేది. లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధం పెట్టుకోకూడదని అది చెప్పింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రాజులకు, బిరుదులున్నవాళ్లకు, పెద్ద భూస్వాములకు కూడా మినహాయింపులు దొరికాయి. అంటే ఆనాటి నుంచే తుపాకీ హోదాకు గుర్తు. తెల్లవాడి పక్కన కూర్చోగలిగినవాడికి తుపాకీ, అతని పొలంలో పనిచేసేవాడికి చట్టం.

నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. గడీలో తుపాకులు, గడీ బయట వెట్టిచాకిరీ. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం మలుపు తిరిగింది అక్కడే. ఆ తుపాకీ దొంగల నుంచి ఇంటిని కాపాడుకోవడానికి పెట్టుకున్నది కాదు. ఊరిని గుప్పిట్లో ఉంచుకోవడానికి పెట్టుకున్నది.

సరదాకు దారి ఎలా ఉంది?

1959 చట్టం కాగితం మీద అందరికీ ఒకటే. 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో అయితే కలెక్టరు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో అయితే పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. దరఖాస్తు చేయగానే దగ్గరి పోలీసుస్టేషను నుంచి నివేదిక తెప్పిస్తారు. 2016 నిబంధనల ప్రకారం ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపించాలి, భద్రంగా దాచుకునే ఏర్పాటు ఉందని హామీ ఇవ్వాలి. తమ వ్యాపారం వల్లో, వృత్తి వల్లో, మరో కారణం వల్లో ప్రాణానికీ ఆస్తికీ నిజంగా రక్షణ అవసరమైనవారు, గుర్తింపు ఉన్న షూటింగ్ క్లబ్బుల్లో క్రియాశీలంగా ఉన్న క్రీడాకారులు, సైన్యంలో, పోలీసుల్లో పనిచేసినవారు అడగొచ్చు.

2019 సవరణతో ఒక మనిషికి ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. ముసాయిదాలో ఒక్కటే అని ఉండేది, అభ్యంతరాలు రావడంతో రెండయింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 315 రైఫిల్, 12 బోర్ గన్ లాంటివి పౌరులకు దొరుకుతాయి. 9 ఎంఎం, పాయింట్ 303 లాంటివి నిషేధిత శ్రేణిలో ఉన్నాయి.

ఇక ధర. 2014 జనవరిలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల ఆత్మరక్షణ కోసమని ‘నిర్భీక్’ అనే పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన ఆ రివాల్వర్ ధర సుమారు 1 లక్షా 22 వేల రూపాయలు. కొండ మీది ఇళ్లలో అంట్లు తోమి రాత్రి చీకట్లో బస్తీకి నడిచి వచ్చే ఆడమనిషికి అది ఏ రకంగా రక్షణ? క్రీడ సంగతీ అంతే. ఈ నగరంలో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. వాళ్ల శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ పోటీల స్థాయి ఎయిర్ రైఫిల్ ఖరీదు లక్షల్లో ఉంటుంది. గుళ్లకు, జాకెట్టుకు, రేంజ్ ఫీజుకు వేరే ఖర్చు. గురుకులాల్లో చదివే మన పిల్లలు పరుగు పందెంలో, కబడ్డీలో కనిపించినంతగా షూటింగ్‌లో కనిపించకపోవడానికి చూపు లోపం కారణం కాదు.

బాగుచేయడం కూడా లైసెన్సు పనే

తుపాకీ సరదా ఉన్నవాళ్లకు దాన్ని కొనడం ఎంత ఇష్టమో, శుభ్రం చేసుకోవడం కూడా అంతే ఇష్టం. ముందు తూటాలు తీసేసి, లోపల ఏమీ మిగల్లేదని కళ్లతో చూసుకోవాలి. ఆ తర్వాతే గొట్టంలో బ్రష్షు తిప్పడం, గుడ్డతో మసి తుడవడం, పల్చగా నూనె రాయడం. వానాకాలం తేమకు తుప్పు పడుతుంది కాబట్టి అప్పుడు ఎక్కువసార్లు చూసుకోవాలి. తూటాలు ఒకచోట, తుపాకీ వేరేచోట తాళం వేసి దాచాలి. యజమాని ఇంతవరకు చేసుకోవచ్చు.

మరమ్మతు మాట వేరు. చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేయడానికి, అమ్మడానికి, మార్చడానికి ఎలాంటి లైసెన్సు కావాలో బాగుచేయడానికీ అలాంటిదే కావాలి. గొట్టం పొట్టిగా కోయడం, బొమ్మ తుపాకీని అసలు తుపాకీగా మార్చడం 6వ సెక్షన్ కింద నేరం. అందుకే కొండ మీది మనిషి తన తుపాకీ మొరాయిస్తే లైసెన్సున్న దుకాణానికి పంపిస్తాడు. దుకాణం రిజిస్టరులో రాసుకుంటుంది, బాగుచేసి ఇస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది.

ఇప్పుడు ఏజెన్సీ గ్రామానికి వెళదాం. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి ఒక కోయ రైతు దగ్గరో, కొండదొర రైతు దగ్గరో తాతల నాటి నాటు తుపాకీ ఉంటుంది. దాని గుర్రం విరిగితే ఊరి కమ్మరి కొలిమిలో పెట్టి అతికిస్తాడు. చట్టం దృష్టిలో ఆ కమ్మరి లైసెన్సు లేకుండా ఆయుధం బాగుచేసినవాడు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. లైసెన్సు లేకుండా నాటు తుపాకీ ఉంచుకున్న రైతుకు రెండు నుంచి అయిదేళ్లు. ఇదే చట్టంలోని 13వ సెక్షన్ పంట రక్షణ కోసం మందుకూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని చెబుతోంది. ఆ మాట రైతుకు చెప్పేవాళ్లు లేరు. తుపాకీ పట్టుకోవడానికి మాత్రం అందరూ వస్తారు.

ఎవరికి రాదు?

చట్టంలో మనకు పనికొచ్చే ఒక మాట ఉంది. 14వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, దరఖాస్తుదారుకు తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. 1878 చట్టం భూస్వామికి ఇచ్చిన పెద్దపీటను 1959 చట్టం కాగితం మీద తీసేసింది.

కానీ అదే చట్టంలోని 9వ సెక్షన్ చూడండి. హింసతో కూడిన నేరంలో జైలు శిక్ష పడినవాళ్లు శిక్ష ముగిశాక అయిదేళ్ల వరకు అనర్హులు. శాంతిభద్రతల కోసమో సత్ప్రవర్తన కోసమో బాండు రాసివ్వాలని ఉత్తర్వు పడినవాళ్లు ఆ బాండు గడువు ముగిసేవరకు అనర్హులు. దీన్నే మనం బైండోవర్ అంటాం. పాత సీఆర్‌పీసీలో 107, 110 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126, 129 సెక్షన్లు. ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర గొడవ జరిగినా, శ్మశానం భూమి అడిగినా, గుడిలోకి వెళ్లినా ముందు ఎవర్ని తహసీల్దారు ముందు నిలబెడతారో కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు. ‘ఇరుపక్షాలనూ బైండోవర్ చేశాం’ అనే పోలీసు వాక్యం వెనుక దెబ్బలు తిన్న పక్షం కూడా ఉంటుంది. అలా ప్రాణభయం ఉన్నవాడే చట్టం దృష్టిలో అనర్హుడవుతాడు. తర్వాత అతని దరఖాస్తు మీద నివేదిక రాసేది కూడా అదే పోలీసుస్టేషను.

మూడో నిబంధన: మనం చదవని పేజీ

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. కేసు పెట్టడం, దర్యాప్తు, పరిహారం గురించి మనకు తెలుసు. మూడో నిబంధన మాత్రం నేరం జరగకముందు ప్రభుత్వం చేయాల్సిన పనుల జాబితా. అందులో తుపాకులకు సంబంధించి మూడు మాటలున్నాయి.

ఒకటి: అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను గుర్తించి, అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్ల దగ్గరి బంధువులు, నౌకర్లు, ఉద్యోగులు, కుటుంబ స్నేహితుల లైసెన్సులకూ ఇది వర్తిస్తుంది. ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి.

రెండు: లైసెన్సు లేని ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలి, అక్రమ తయారీని ఆపాలి.

మూడు: ప్రాణానికీ ఆస్తికీ భద్రత కోసం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ నిబంధన రాసినవాళ్లకు ఊరు తెలుసు. పెత్తందారు చేతిలో ఆయుధం లేకపోయినా జీతగాడి చేతిలో, బావమరిది చేతిలో ఉంటుందని తెలుసు. అందుకే నౌకర్లను, స్నేహితులను కూడా కలిపారు. లైసెన్సు వ్యక్తిదే అయినా భయం పెట్టేది కులం అని గుర్తించిన నిబంధన ఇది.

అంబేడ్కర్ ఏమన్నారు?

ఈ దేశంలో అట్టడుగు కులాలు ఎందుకు తిరగబడలేదని ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ ప్రశ్న వేసి జవాబు చెప్పారు. చాతుర్వర్ణ్యం వాళ్ల చేతుల్లోంచి ఆయుధాన్ని, చదువును రెండింటినీ లాగేసిందని ఆయన వాదన. యూరప్‌లో బలహీనులకు కనీసం సైన్యంలో పనిచేసే అవకాశం మిగిలిందని పోల్చి చూపారు. బ్రిటిష్ సైన్యం మహర్లను తీసుకోవడం మానేస్తే ఆయన దాన్ని ఎదిరించారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది.

అదే అంబేడ్కర్ 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో ఇంకో వైపు నిలబడ్డారు. ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. కాంగ్రెస్ 1931 కరాచీ తీర్మానంలో ఆ హామీ ఉంది. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. దేశ రక్షణ కోసం ఆయుధం పట్టే బాధ్యతే ముఖ్యమని, ఆయుధాన్ని అందరికీ హక్కు చేస్తే నేరస్థులూ దాన్ని అడుగుతారని చెప్పారు. సవరణ వీగిపోయింది. ఈ రెండు మాటలకూ పొంతన లేదని కొందరికి అనిపించొచ్చు. మాకు అలా అనిపించదు. ఒక కులాన్ని నిరాయుధం చేయడం అన్యాయం. అందరి చేతికీ తుపాకీ ఇవ్వడం పరిష్కారం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవు.

అమెరికా అనుభవం కూడా ఇదే చెబుతుంది. అక్కడ ఆయుధం ధరించడం రాజ్యాంగ హక్కు. 1956లో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్ అడిగితే అలబామా అధికారులు ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులతో వీధుల్లో గస్తీ తిరిగితే కాలిఫోర్నియా వెంటనే మల్ఫర్డ్ చట్టం తెచ్చి, గుళ్లు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించింది. ఆ పాంథర్ల పేరు తీసుకునే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. హక్కు ఉన్న దేశంలోనూ నల్లవాడి చేతికి తుపాకీ రాగానే చట్టం మారిపోయింది.

మరి మనం తుపాకీ అడగాలా?

మూడో నిబంధన చదివిన విద్యార్థులు చాలామంది వేసే మొదటి ప్రశ్న ఇది. మా జవాబు సూటిగా చెబుతాం. మన మొదటి డిమాండు మనకు లైసెన్సు కాదు, వాళ్ల లైసెన్సు రద్దు.

కారణాలున్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపింది గొడ్డళ్లు, బరిసెలు, కర్రలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని పొలాల్లో వెంటాడి నరికారు. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు చనిపోయారు. ఈ మూడు చోట్లా వందల మంది మూకగా వచ్చి పడ్డారు. ఒక ఇంట్లో ఉన్న ఒక రివాల్వర్ మూకను ఆపదు. పైగా మనవాడు కాల్చిన ఒక్క గుండు చాలు, మిగిలిన వాడంతా నిందితుల జాబితాలోకి ఎక్కడానికి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నేరం తర్వాత వచ్చే న్యాయం ఇలా ఉన్నప్పుడు, నేరానికి ముందే పనిచేసే నిబంధన విలువ ఎంతో అర్థమవుతుంది.

ఆయుధం లైసెన్సుదే అయినా అది ఇంట్లో ఉంటే చిన్న గొడవ పెద్దదవుతుంది. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదాలో ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్సు రివాల్వర్‌తో కాల్చాడు. ఒక మనిషి ప్రాణం పోయింది. నాయకుడికి యావజ్జీవం పడింది. వేడుకల్లో తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాన్ని ప్రమాదంలో పెడితే రెండేళ్ల జైలో, లక్ష రూపాయల జరిమానానో, రెండూనో అని 2019 సవరణ చెబుతోంది. అయినా 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ ర్యాలీలో అప్పటి రాష్ట్ర మంత్రి ఒకరు తుపాకీ గాల్లోకి పేల్చారు. అది రబ్బరు బుల్లెట్ అని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. చట్టం ఉంది. అది ఎవరి చేతి దగ్గర ఆగిపోతుందో కూడా మనకు కనిపిస్తూనే ఉంది.

లైసెన్సు అడిగే అవసరం ఎవరికీ రాదని కాదు. సాక్షిగా ఉండి ప్రాణభయంతో బతుకుతున్న మనిషి ఉండొచ్చు. అలాంటివారు మూడో నిబంధనను చూపించి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే అంతకుముందు అత్యాచారాల చట్టంలోని 15ఏ సెక్షన్ కింద సాక్షి రక్షణ అడగాలి. ఆ రక్షణ ఇవ్వడం రాజ్యం బాధ్యత. తుపాకీ కాగితం చేతిలో పెట్టి, ఇక నీ చావు నువ్వు చావు అని తప్పించుకునే వీలు రాజ్యానికి ఇవ్వకూడదు.

రేపటి నుంచి చేయగలిగినవి

అత్యాచారాల నిబంధనల్లో 17వది జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ గురించి చెబుతుంది. దానికి అధ్యక్షుడు కలెక్టరు. మూడు నెలలకు ఒకసారైనా సమావేశం జరగాలి. కమిషనరేట్ లేని జిల్లాల్లో తుపాకీ లైసెన్సులు ఇచ్చేదీ ఆ కలెక్టరే. అంటే అడగాల్సిన మనిషి మన ఎదురుగానే కూర్చుంటాడు. తర్వాతి సమావేశంలో ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా పెట్టించండి. జిల్లాలో అత్యాచారాలకు అవకాశం ఉన్నవిగా గుర్తించిన గ్రామాలేవి? ఆ గ్రామాల్లో ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయి? మూడో నిబంధన కింద ఇప్పటివరకు ఎన్ని రద్దు చేశారు? ఎస్సీ, ఎస్టీల నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎందుకు నిరాకరించారు?

ఇవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. లైసెన్సుదారుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తోసిపుచ్చే వీలుంది. కాబట్టి పోలీసుస్టేషన్ల వారీగా సంఖ్యలు అడగండి.

ఎన్నికలప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. నోటిఫికేషన్ రాగానే లైసెన్సులను సమీక్షించి తుపాకులు జమ చేయించుకుంటారు. అయిదేళ్లకోసారి ఓటు కోసం చేయగలిగిన పనిని వాడ మీద దాడి జరుగుతుందని తెలిసిన ఊళ్లో చేయలేమని ఏ అధికారీ అనలేడు. ఊళ్లో ఎవరైనా తుపాకీ చూపించి బెదిరిస్తే, ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయించండి. ప్రజల శాంతికి, భద్రతకు ముప్పు ఉంటే లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం ఆయుధాల చట్టంలోని 17వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్ కింద విడిగా ఒక దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.

మోతీనగర్ నుంచి పొద్దున్నే కొండెక్కే మనిషికి తుపాకీ సరదా లేదు. రాత్రి క్షేమంగా ఇల్లు చేరితే చాలు. ఊళ్లోని వాడలో ఉండే మనిషి అడిగేదీ అదే. 1995లోనే రాసిన నిబంధన మన చేతిలో ఉంది. ఈసారి విజిలెన్స్ కమిటీ సమావేశానికి వెళ్లేటప్పుడు దాని ప్రతి ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి.